నిజంగా జరిగిన గెలుపులు, వాటి మీద తీసిన స్పోర్ట్స్ సినిమాలు: అపోహలు - వాస్తవాలు

నేను సినిమా ఎడిటర్‌ని. మ్యాచ్ సీన్లు కట్ చేయడం నాకు ఇష్టమైన పని. కథ పట్టుకుని ఎడిటింగ్ రూమ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే మాట చెబుతారు: "ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు గెలిచింది, పైగా నిజంగా జరిగింది, ఇంకేం కావాలి?" చాలా కావాలి. అన్నిటికంటే ముందు, ఆ జట్టుకీ గెలుపుకీ మధ్య ఎంత దూరం ఉందో ప్రేక్షకుడికి కొలిచి చూపించాలి. ఈ సినిమాలు మనల్ని కట్టిపడేసేది ఆ కొలతతోనే అని నా గట్టి నమ్మకం. దీని చుట్టూ ఉన్న అపోహల గురించి నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

అపోహ: ఫలితం ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు

1983 జూన్ 25న లార్డ్స్‌లో ఏం జరిగిందో మనలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మనవాళ్ళు 183కే ఆలౌట్ అయినా వెస్టిండీస్‌ని 140కి పడగొట్టి కప్పు తెచ్చారు. అయినా ఆ కథ మళ్ళీ తెర మీదకి వస్తే జనం కుర్చీ అంచున కూర్చుంటారు. ఎందుకంటే మనకి తెలిసిన సంగతి తెర మీద ఉన్నవాళ్ళకి తెలియదు. వాళ్ళ కళ్ళతో చూసినంతసేపూ మనమూ మర్చిపోతాం.

ఆ కప్పులోనే జింబాబ్వేతో ఆడిన మ్యాచ్ తీసుకోండి. జూన్ 18, టన్‌బ్రిడ్జ్ వెల్స్. 17 పరుగులకే 5 వికెట్లు పోయాయి. అప్పుడు కపిల్ దేవ్ 138 బంతుల్లో 175 నాటౌట్. కిర్మాణీతో విడిపోని తొమ్మిదో వికెట్‌కి 126 పరుగులు, అందులో కిర్మాణీవి 24 మాత్రమే. జట్టు స్కోరు 266. చివరికి 31 పరుగుల తేడాతో గెలిచాం. ఆ ఇన్నింగ్స్‌కి వీడియో రికార్డింగ్ లేదు. కాబట్టి ఒక ఎడిటర్‌గా నేనైతే కపిల్ కొట్టిన సిక్సర్ల కంటే ముందు డ్రెస్సింగ్ రూమ్ చూస్తాను. ప్యాడ్లు కట్టుకునేలోపే తన వంతు వచ్చేసిన బ్యాట్స్‌మన్ ముఖం, అవుటై వచ్చి తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నవాడి వీపు. స్కోర్‌బోర్డు షాట్ కూడా ఎప్పుడు పడితే అప్పుడు వేయకూడదు. సీన్‌లో ఎవరో ఒకరు తలెత్తి దాన్ని చూసినప్పుడే వేయాలి. అప్పుడు 17/5 అన్నది అంకె కాదు, ఒక మనిషి కడుపులో తిప్పిన బాధ.

ఇక కొలత సంగతి. 1975, 1979 రెండు వరల్డ్ కప్పులూ కలిపి మనం గెలిచింది ఒక్క ఈస్ట్ ఆఫ్రికా మీదే. వెస్టిండీస్ ఆ రెండు కప్పులూ ఎత్తుకుపోయింది. ఈ సంగతి మొదటి పావుగంటలో ప్రేక్షకుడికి ఎక్కకపోతే, ఫైనల్ ఎంత బాగా తీసినా మామూలు మ్యాచ్‌లాగే కనిపిస్తుంది.

1980 లేక్ ప్లాసిడ్ వింటర్ ఒలింపిక్స్‌దీ ఇదే దారి. అమెరికా కాలేజీ కుర్రాళ్ళు సోవియట్ ఐస్ హాకీ జట్టుని 4-3తో ఓడించారు. ఆటలు మొదలవడానికి కొద్ది రోజుల ముందే ఇదే సోవియట్ జట్టు వాళ్ళని 10-3తో చిత్తు చేసింది. గెలుపు గోల్ పడేటప్పటికి ఇంకా 10 నిమిషాల ఆట మిగిలుంది. ఆధిక్యం వచ్చేసింది, గడియారం మాత్రం కదలడం లేదు. ఆ పది నిమిషాల కోసమే ఈ కథ సినిమా తీయాలి అనిపిస్తుంది నాకు.

అపోహ: జరిగింది జరిగినట్టు తీస్తే చాలు

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో మిలన్ అనే చిన్న ఊరు. అక్కడి హైస్కూల్లో పిల్లలు 161 మందే. ఆ స్కూలు 1954లో రాష్ట్ర బాస్కెట్‌బాల్ ఫైనల్లో మన్సీ సెంట్రల్ అనే పెద్ద స్కూలుని 32-30తో ఓడించింది. చివరి బుట్ట వేసింది బాబీ ప్లంప్. 1986లో వచ్చిన ‘హూజియర్స్’ సినిమాకి ప్రేరణ ఈ గెలుపే.

అసలు మ్యాచ్ చివరి క్వార్టర్‌లో ప్లంప్ నాలుగు నిమిషాలకి పైగా బంతిని చేతుల్లో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఇంతసేపట్లో షాట్ కొట్టాలి అనే నిబంధన అప్పుడు లేదు. కోచ్ వేసిన ఎత్తు అది. అక్కడున్న వేలమందికి అది ఊపిరి బిగబట్టిన సమయమే. తెర మీద మాత్రం ఒక కుర్రాడు నాలుగు నిమిషాలు నిలబడి ఉంటే పాప్‌కార్న్‌కి లేచిపోతారు. సినిమావాళ్ళు దాన్ని వదిలేశారు. ఆ స్థానంలో నేనున్నా పదిహేను సెకన్లకి మించి ఉంచను.

కుస్తీ సినిమా ‘దంగల్’లో ఇందుకు ఎదురు చిక్కు వచ్చింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో గీతా ఫోగట్ ఆస్ట్రేలియా అమ్మాయిని ఏకపక్షంగా ఓడించింది. సినిమాలో చివరి సెకన్లలో ఐదు పాయింట్ల పట్టు పట్టి గెలుస్తుంది. మరి ఇది అబద్ధం కాదా అంటారు కొందరు. నా దృష్టిలో ఆట నడకని మార్చుకోవచ్చు. కానీ దూరాన్ని పెంచి చూపకూడదు, గెలిచినవాళ్ళ కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేయకూడదు. ఈ రెండు చోట్లా హద్దు దాటితే "నిజంగా జరిగిన కథ" అన్న అట్ట తీసేయడమే మర్యాద.

అపోహ: అండర్‌డాగ్ (గెలుస్తారని ఎవరూ అనుకోనివాళ్ళు) అంటే ఏమీ చేతకానివాళ్ళు

మిలన్ జట్టు అంతకు ముందు ఏడాదే రాష్ట్ర సెమీఫైనల్ దాకా వెళ్ళింది. గాలివాటంగా గెలవలేదు. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనే నాలుగో స్థానంలో నిలిచింది. వీళ్ళందరికీ ఆట వచ్చు. పరిస్థితులు మాత్రం వీళ్ళ వైపు లేవు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చూస్తే ఆ పరిస్థితులు ఎంత ఎదురు తిరిగాయో అర్థమవుతుంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులని ఇండోనేషియా రానివ్వనందుకు మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం మనవాళ్ళ మీద మండిపడ్డారు. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరుపులే. ఫైనల్లో ఎదురుగా దక్షిణ కొరియా. గ్రూప్ దశలో మనల్ని 2-0తో ఓడించింది వాళ్ళే. తలకి దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీమ్ గారు ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫ్లూతో నీరసంగా ఉన్న పీటర్ తంగరాజ్‌ని గోల్ దగ్గర నిలబెట్టారు. పీకే బెనర్జీ ఒకటి, అదే జర్నైల్ సింగ్ ఇంకొకటి, మొదటి అర్ధభాగంలోనే రెండు గోల్స్ వేశారు. కొరియా చివర్లో ఒకటి వేసింది. 2-1. స్వర్ణం మనది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ గారు మరుసటి ఏడాదే కన్నుమూశారు.

హైదరాబాద్‌లో ఎంతమంది పిల్లలకి ఈ పేరు తెలుసు? అడిగి చూడండి, బాధేస్తుంది.

అపోహ: ఒక విలన్ లేకపోతే పండదు

దీని మీద నాకు కోపమే ఉంది. ‘దంగల్’లో జాతీయ కోచ్ గీతా ఫోగట్ తండ్రిని గదిలో పెట్టి తాళం వేయిస్తాడు. అలాంటిదేమీ జరగలేదు. కాలేజీ ఫుట్‌బాల్ మీద వచ్చిన అమెరికన్ సినిమా ‘రూడీ’లో కోచ్ డాన్ డివైన్ హీరో రూడీని ఆడించనని మొండికేస్తే, తోటి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి జెర్సీలు బల్ల మీద పెడతారు. చూస్తుంటే కళ్ళు చెమరుస్తాయి. కానీ అది కల్పన. నిజానికి ఆడించాలని అనుకున్నది డివైనే.

బతికున్న మనిషిని చెడ్డవాడిగా చూపించి హీరోని పెంచడం అన్యాయం. ఎదురుగా సోవియట్ జట్టో, వెస్టిండీస్ బౌలర్లో ఉన్నారు కదా, ఇంకో విలన్ ఎందుకు? నన్నడిగితే ఎదుటి జట్టుకి మంచి షాట్లు ఇవ్వండి అంటాను. వాళ్ళెంత గొప్పగా ఆడితే మనవాళ్ళ గెలుపుకి అంత బరువు.

అపోహ: ఆ ఆట తెలియనివాళ్ళకి ఎక్కదు

తెలియాల్సింది ఒక్క రూలే. ‘దంగల్’లో తండ్రి కూతుళ్ళకి పాయింట్లు చెబుతూ, ఐదు పాయింట్ల పట్టు ఎంత కష్టమో ముందే చెప్పేస్తాడు. సినిమా చివర్లో అదే పట్టు పడినప్పుడు కుస్తీ ఎన్నడూ చూడని ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ ఈలలు వేశారు. చైనాలో కూడా ఆ సినిమా విరగబడి ఆడింది.

అపోహ: నిజ కథ అంటే హిట్ గ్యారంటీ

కానే కాదు. ‘83’కీ, రహీమ్ గారి మీద వచ్చిన ‘మైదాన్’కీ మెచ్చుకోళ్ళు దక్కినా, పెట్టిన ఖర్చుకి తగ్గ వసూళ్ళు రాలేదు.

అపోహ: చివర్లో కప్పో, స్వర్ణమో ఉండాల్సిందే

1988 కాల్గరీ వింటర్ ఒలింపిక్స్‌లో మంచు ఎరగని జమైకా నుంచి వచ్చిన బాబ్‌స్లెడ్ (మంచు దారిలో జారే బండి) జట్టు బోల్తా పడింది. లేచి, తమ స్లెడ్ పక్కనే నడుచుకుంటూ గీత దాటారు. దాని మీద వచ్చిన ‘కూల్ రన్నింగ్స్’ని ఇప్పటికీ పిల్లలు ఇష్టపడి చూస్తారు.

మనకి కరణం మల్లీశ్వరి గారు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పెరిగిన అమ్మాయి. వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000 సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల విభాగం, పైగా ఆమె పని అయిపోయిందన్న విమర్శలు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. స్నాచ్‌లో (ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 అడిగారు. లేవలేదు. కాంస్యం వచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. స్వర్ణం గెలిచిన చైనా అమ్మాయి ఎత్తింది 242.5.

కాంస్యంతో సినిమా ఎలా ముగిస్తాం అని అడిగేవాళ్ళున్నారు. ముగించవచ్చు, బ్రహ్మాండంగా. ఆ 137.5 ప్రయత్నాన్ని ఒక్క కట్ కూడా లేకుండా, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) కూడా ఆపేసి, బార్ పట్టుకున్న దగ్గర్నుంచి వదిలేసేదాకా పూర్తిగా ఉంచుతాను. ఆ షాట్ ఎవరైనా తీసుకొస్తే ఎడిట్ చేయడానికి నేను సిద్ధం.