మొదట లేచేదెవరు?

2022 జులై 5, మంగళవారం సాయంత్రం. బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీ కెమెరా ముందు తప్పు ఒప్పుకున్నారు. అనుచిత ప్రవర్తన ఆరోపణలున్న క్రిస్ పించర్‌ను డిప్యూటీ చీఫ్ విప్‌గా నియమించడం పొరపాటేనన్నారు. దాదాపు అదే సమయంలో, 6 గంటల 2 నిమిషాలకు, ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ రాజీనామా లేఖ బయటికి వచ్చింది. 6 గంటల 11 నిమిషాలకు ఆర్థిక మంత్రి రిషి సునాక్ లేఖ. రెండింటికీ మధ్య 9 నిమిషాలు.

గురువారం మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. మంత్రులు, సహాయ మంత్రులు, పార్లమెంటరీ ప్రైవేటు కార్యదర్శులు, వాణిజ్య దూతలు, పార్టీ ఉపాధ్యక్షులు అందరూ కలిపి 179 మంది ఉంటే, వారిలో 62 మంది పదవులు వదిలేశారు. డౌనింగ్ స్ట్రీట్‌లో అధికార నివాసం ముందు నిలబడి, తానూ తప్పుకుంటున్నానని చెబుతూ జాన్సన్ ఓ మాట అన్నారు. మంద స్వభావం చాలా బలమైనదట, మంద కదిలిందంటే కదిలినట్టేనట. అందులో చిన్న ఎత్తిపొడుపు ఉంది. తనను దించినవాళ్లు ఆలోచించి దించలేదని, గొర్రెల్లా ఒకరి వెనుక ఒకరు నడిచారని. ఆయన చూసిన దృశ్యం నిజమే. చెప్పిన కారణమే తప్పని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ మంద అంతకు నెల ముందు కూడా అక్కడే ఉంది. జూన్ 6న కన్సర్వేటివ్ ఎంపీలే తమ నాయకుడిపై రహస్య బ్యాలెట్ పెట్టారు. 211 మంది ఆయన వైపు, 148 మంది ఆయనకు వ్యతిరేకంగా వేశారు. గెలిచారు కాబట్టి పార్టీ నిబంధన ప్రకారం మరో ఏడాది దాకా అలాంటి ఓటు పెట్టడానికి వీల్లేదు. 148 అంటే చిన్న సంఖ్య కాదు, అయినా ఏమీ జరగలేదు. జూన్ 23న ఒకే రోజు రెండు ఉప ఎన్నికల్లో పార్టీ ఓడిపోయింది. మర్నాడు తెల్లవారగానే, కేబినెట్‌లో కూర్చునే పార్టీ సహ ఛైర్మన్ ఆలివర్ డౌడెన్ రాజీనామా చేశారు. ఆయన వెనుక ఎవరూ లేవలేదు. అందరూ ఆయన ఖాళీ చేసిన కుర్చీ వైపు ఓసారి చూసి మళ్లీ ఫైళ్లలో తల దూర్చారు.

ఒకరు లేస్తే కదలని మంత్రివర్గం, 11 రోజుల తర్వాత ఇద్దరు లేస్తే కుప్పకూలింది. ఈ లోపల కోపం అంతగా పెరిగిపోయిందా? కొంత పెరిగింది, కాదనలేం. కానీ కోపాన్ని కొలిస్తే ఈ చిక్కు విడిపోదు. విడదీసే లెక్క 1978లోనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ వేసి పెట్టారు.

ఆయన లెక్క మంత్రుల గురించి కాదు, వీధుల్లో జరిగే అల్లర్ల గురించి. ఒక కూడలిలో 100 మంది గుమిగూడారనుకోండి. ప్రతి ఒక్కరి మనసులో ఒక సంఖ్య ఉంటుంది. ఎంతమంది ముందు దిగితే తానూ దిగుతాడన్నదే ఆ సంఖ్య. దాన్ని గడప అందాం. ఒకడి గడప సున్నా, ఎవరున్నా లేకున్నా వాడు రాయి విసురుతాడు. ఇంకొకడిది ఒకటి, ఒక్కడు ముందుంటే చాలు. మరొకడిది రెండు. ఇలా 99 వరకు ఒక్కో అంకెకు ఒక్కో మనిషి. ఇక చూడండి. సున్నా గడపవాడు రాయి విసిరాడు. అది చూసి ఒకటి గడపవాడు దిగాడు. ఇప్పుడు ఇద్దరున్నారు కాబట్టి రెండు గడపవాడికి ధైర్యం వచ్చింది. ముగ్గురు, నలుగురు, చివరికి నూరుగురూ వీధిలో ఉన్నారు.

ఇప్పుడు ఆ గుంపులో ఒక్క మనిషిని మారుద్దాం. ఒకటి గడపవాడిని పక్కకు పంపి, అతని చోట రెండు గడప ఉన్న మరొకరిని నిలబెడదాం. మిగతా 99 మందీ పాతవాళ్లే. సున్నావాడు రాయి విసిరాడు. తర్వాత దిగడానికి ఒక్కడు చాలనుకునే మనిషే లేడు. రెండు గడపవాళ్లు ఇద్దరున్నారు, కానీ వాళ్లకు ఇద్దరు కనబడాలి. అంతే, ఒక్క రాయితో అల్లరి ఆగిపోయింది.

మొదటి గుంపులో గడపల సగటు 49.5. రెండో గుంపులో 49.51. ఆవేశంలో ఈ రెండు గుంపులకూ వీసమంత తేడా లేదు. మర్నాడు వార్త రాసేవారు మాత్రం మొదటి చోట జనం ఆగ్రహం కట్టలు తెంచుకుందని, రెండో చోట ఎవడో ఒక తుంటరి అద్దం పగలగొట్టాడని రాస్తారు. గ్రనోవెటర్ చెప్పదలచుకున్నది అదే. ఏం జరిగిందో చూసి ఎవరి మనసులో ఏముందో ఊహించకండి. అంకెలు ఏ వరుసలో ఉన్నాయన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

డౌడెన్‌ను ఇప్పుడు మరోసారి చూడండి. ఆయన సున్నా గడప మనిషి. ఆయన తర్వాతి మెట్టు మీద ఎవరూ లేరు. జులై 5 సాయంత్రం 9 నిమిషాల తేడాతో ఇద్దరు లేచారు. అంటే జూన్‌లో గొలుసును తెంపిన ఆ ఒక్క ఖాళీ మెట్టును ఒక్క దూకులో దాటేశారు. పైగా అందరి బరువూ సమానం కాదు. తనకు దగ్గరి వాళ్లు దిగితే మనిషి వాళ్లను ఒక్కరుగా కాక అంతకంటే ఎక్కువగా లెక్కేసుకుంటాడని గ్రనోవెటరే చూపించారు. ఆర్థిక మంత్రి వెళ్లిపోతే ఒక సహాయ మంత్రి మనసులో ఎంతమంది వెళ్లినట్టు? కనీసం అయిదారుగురు వెళ్లినట్టని నా అంచనా.

బుధవారం ఇంకో సంఘటన జరిగింది, నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది అదే. కెమీ బేడ్‌నాక్, జూలియా లోపెజ్‌తో సహా అయిదుగురు సహాయ మంత్రులు ఒకే లేఖ మీద సంతకాలు పెట్టి కలిసి రాజీనామా చేశారు. అయిదుగురి గడపలు వేర్వేరుగా ఉండి ఉంటాయి. ఒకే కాగితం మీద సంతకం పెట్టేసరికి మొదటివాడెవరు, అయిదోవాడెవరు అన్న ప్రశ్నే లేకుండా పోయింది. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఎలుకలు తర్జనభర్జన పడనక్కర్లేదు, అందరూ కలిసి తాడు పట్టుకుంటే సరి.

గడపలు రాళ్లలా స్థిరంగా కూడా ఉండవు. పించర్‌పై నిర్దిష్ట ఆరోపణలేవీ ప్రధానికి తెలియవని ప్రధాని కార్యాలయం చెబుతూ వచ్చింది. మంత్రులు టీవీల్లో, రేడియోల్లో అదే అప్పజెప్పారు. మంగళవారం ఉదయం విదేశాంగ శాఖ మాజీ ఉన్నతాధికారి సైమన్ మెక్‌డొనాల్డ్ ఒక బహిరంగ లేఖ రాసి, పించర్‌పై వచ్చిన పాత ఫిర్యాదు మీద విచారణ సంగతి జాన్సన్‌కు అప్పట్లోనే ముఖాముఖిగా తెలియజేశారని తేల్చేశారు. సోమవారం స్టూడియోల చుట్టూ తిరిగి ప్రధానిని సమర్థించిన సహాయ మంత్రి విల్ క్విన్స్ బుధవారం ఉదయం రాజీనామా చేశారు. తనకిచ్చిన హామీలు తప్పని తేలాయని, వాటినే తాను జనానికి చెప్పానని లేఖలో రాశారు. గోడ మీద పిల్లిలా కూర్చున్నవారికి అప్పటిదాకా దూకడమే ప్రమాదం. ఆ రోజు నుంచి గోడ మీద ఉండటమూ ప్రమాదమే అయింది.

ఇక రహస్యానికీ బహిరంగానికీ ఉన్న తేడా. జూన్ ఓటు రహస్యం. దానికి ముందు, కన్సర్వేటివ్ ఎంపీల సంఘమైన 1922 కమిటీ ఛైర్మన్‌కు, ఓటు పెట్టమని కోరుతూ ఎంపీలు ఇచ్చిన లేఖలూ రహస్యమే. 148 మంది ఉన్నారని అందరికీ తెలుసు, ఎవరన్నది తెలియదు. పక్క గదిలో మంత్రి ఆ 148లో ఒకరో కాదో తెలియనప్పుడు ఆ అంకె మీ గడపను దాటించలేదు. రాజీనామా లేఖ అలా కాదు. పేరు, హోదా, సమయం అన్నీ అందులో ఉంటాయి. నాకు తెలుసు, నాకు తెలుసని నీకు తెలుసు, అది నీకు తెలుసని నాకూ తెలుసు. ఎదుటివారి ఎత్తును బట్టి మన ఎత్తు వేసే లెక్క అయిన ఆట సిద్ధాంతం చదివేవారు దీన్ని ఉమ్మడి ఎరుక అంటారు. రహస్య ఓటు కోపాన్ని కొలుస్తుంది, బహిరంగ రాజీనామా దాన్ని పక్కవాడికి అంటిస్తుంది.

అటువైపు ప్రధాని ఏ లెక్క వేసుకుంటున్నారు? పదవి పిచ్చి అనేస్తే పని తేలిక, కానీ అది వివరణ కాదు. మంత్రి వెళ్లినవారిని లెక్కపెడతాడు, నాయకుడు మిగిలినవారిని లెక్కపెడతాడు. 62 మంది పోయినా 117 మంది ఉన్నారు. దానికి తోడు, 1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వర్‌స్కీ ప్రచురించిన ప్రయోగాల్లో ఒక ప్రశ్న ఉంది. ఖాయంగా 3,000 పోగొట్టుకుంటారా, లేక 4,000 పోయే అవకాశం 80 శాతం, ఏమీ పోకుండా బయటపడే అవకాశం 20 శాతం ఉన్న పందెం కాస్తారా? సగటున పందెంలోనే ఎక్కువ నష్టం, 3,200. అయినా 92 శాతం మంది పందెమే ఎంచుకున్నారు. అవే అంకెలను లాభాలుగా మార్చి అడిగితే 80 శాతం మంది ఖాయమైన 3,000 తీసుకుని ఇంటికి పోతామన్నారు. నష్టం ఎదురుగా నిలబడితే జాగ్రత్తపరుడు కూడా జూదరి అవుతాడన్నమాట. రాజీనామా అంటే ఖాయమైన నష్టం. పట్టుకు వేలాడటం అంటే పందెం.

దీనికి సొంత నిర్ణయాల బరువు కూడా తోడవుతుంది. 1976లో బ్యారీ స్టా అనే పరిశోధకుడు బిజినెస్ విద్యార్థులకు ఒక కంపెనీ కథ చెప్పి, కోటి డాలర్లు రెండు విభాగాల్లో దేనికివ్వాలో నిర్ణయించమన్నారు. తర్వాత మరో 2 కోట్లు పంచమన్నారు. తాము ఎంచుకున్న విభాగమే నష్టాల్లో పడిందని తెలిసినవారు దానికే అందరికన్నా ఎక్కువ డబ్బు పోశారు. ఎంపిక ఇంకెవరో చేశారని చెప్పినప్పుడు అంత మొండితనం లేదు. బుధవారం పార్లమెంటులో జాన్సన్ మాట్లాడిన తీరు దీనికి దగ్గరగా ఉంటుంది. భారీ ప్రజా తీర్పు పొందిన ప్రధాని కష్టకాలంలో చేయాల్సిన పని కొనసాగడమేనన్నారు. ఆ రాత్రే, దిగిపొమ్మని సలహా ఇచ్చిన సీనియర్ మంత్రి మైకేల్ గోవ్‌కు ఉద్వాసన పలికారు.

అయితే పందెం కాయడానికి చేతిలో ముక్కలుండాలి. ఖాళీ అయిన కుర్చీల్లో కూర్చోవడానికి మనుషులు దొరకాలి. మంగళవారం రాత్రి విద్యా మంత్రి అయిన మిషెల్ డోనలన్ గురువారం ఉదయం రాజీనామా చేశారు. ఆమె ఆ పదవిలో రెండు రోజులు కూడా లేరు.

గొలుసు తెగకుండా సాగినంత మాత్రాన నాయకుడు పడిపోవాలనీ లేదు. 2016 జూన్‌లో ప్రతిపక్ష లేబర్ పార్టీ నేత జెరెమీ కార్బిన్ షాడో కేబినెట్ నుంచి, అంటే ప్రతిపక్షం పెట్టుకునే నీడ మంత్రివర్గం నుంచి, కొద్ది రోజుల్లో 20 మందికి పైగా వెళ్లిపోయారు. సొంత ఎంపీల ఓటింగులో 172 మంది ఆయనపై అవిశ్వాసం ప్రకటిస్తే 40 మందే వెంట నిలిచారు. జాన్సన్ కన్నా ఎంతో ఘోరమైన అంకెలు. కార్బిన్ కదల్లేదు. ఉన్నవారికే రెండేసి శాఖలు అప్పగించారు, సెప్టెంబరులో పార్టీ సభ్యుల ఓట్లతో 61.8 శాతం సాధించి మళ్లీ నాయకుడయ్యారు. ఆయన కూర్చున్న కొమ్మ ఎంపీల చేతిలో లేదు, పార్టీ సభ్యుల చేతిలో ఉంది. పైగా ప్రతిపక్షంలో కుర్చీ ఖాళీగా ఉంటే ఏ ఫైలూ ఆగదు.

గ్రనోవెటర్ లెక్కకూ హద్దులున్నాయి. గడపలు ముందుగా ఎవరికీ కనబడవు. తన గడప ఎంతో తనకే సరిగా తెలియని మంత్రులు కూడా ఉంటారు. 1990 నవంబరు 21 సాయంత్రం అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తన మంత్రులను ఒక్కొక్కరిగా గదికి పిలిచారు. ముందురోజు నాయకత్వ పోటీలో ఆమెకు 204, మైకేల్ హెసెల్టైన్‌కు 152 ఓట్లు వచ్చాయి. పార్టీ నిబంధన కోరిన ఆధిక్యానికి నాలుగు ఓట్లు తక్కువ. లోపలికి వెళ్లినవారిలో చాలామంది ఇంచుమించు ఒకే మాట చెప్పారు. నేను మీ వెంటే, కానీ మీరు గెలవరు. మొదటి సగం విధేయత, రెండో సగం లెక్క. తన మనసు మారలేదని చెబుతూనే మిగతావాళ్ల మనసును కారణంగా చూపడం గడప మీద నిలబడినవాడు మాట్లాడే భాష. ఆమె మర్నాడే తప్పుకున్నారు.

జాన్సన్ మంత్రివర్గంలో ఆ భాషను ఇంకో రకంగా వాడిన మనిషి ఉన్నారు. సునాక్ స్థానంలో మంగళవారం రాత్రి ఆర్థిక మంత్రి అయిన నదీమ్ జహావీ గురువారం ఉదయం ప్రధానికి బహిరంగ లేఖ రాశారు, ఇప్పుడే తప్పుకోండి అని. తాను మాత్రం రాజీనామా చేయలేదు. కొత్త నాయకురాలు వచ్చేదాకా, అంటే సెప్టెంబరు 6 వరకు, జాన్సన్ ప్రధానిగానే ఉన్నారు. ఆయన పక్కన ఆర్థిక మంత్రిగా జహావీ కూడా ఉన్నారు.