ఏసీ రెక్కలకు పట్టే చెమట

ప్రియమైన పిల్లలూ,

వానాకాలంలో ఏసీలో గాలి బయటికి వచ్చే చోట ఉండే రెక్క అంచున నీటి చుక్కలు బారుగా నిలిచి మంచం మీద పడుతుంటే, ఏసీ పాడైందని కంగారు పడకండి. చల్లటి మజ్జిగ గ్లాసుకు బయట ఎందుకు చెమట పడుతుందో, ఇదీ అందుకే.

గాలిలో నీటి ఆవిరి ఉంటుంది. గాలి చల్లబడుతూ పోతే ఒక డిగ్రీ దగ్గర ఆ ఆవిరిని నీళ్లుగా వదిలేస్తుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నాయనుకోండి. ఆ గాలి 13 డిగ్రీల దాకా దిగితేగానీ చుక్క రాలదు. అదే ఆగస్టులో విశాఖలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 26 దగ్గరే రాలుతుంది. ఏసీ గాలి సుమారు 12 నుంచి 15 డిగ్రీలు. దాని దారిలో ఉన్న రెక్కా దాదాపు అంతే చల్లన. బయటి తేమ గాలి వచ్చి తాకితే చెమట పట్టక మానదు.

అందుకని ముందు ఆ తేమ గాలి ఎటునుంచి వస్తోందో వెతకండి. తలుపు సందు, ఆరేసిన తడిబట్టలు సరే. చాలామంది గమనించనివి రెండున్నాయి. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకపోతే, అది బయటికి తోసినంత గాలీ సందుల్లోంచి గదిలోకి వస్తుంది. ఇండోర్ యూనిట్ వెనక పైపుల కోసం గోడకు కొట్టిన రంధ్రం పూడ్చకపోయినా అంతే. దాన్ని పుట్టీతో మూయించండి.

రెక్కను బాగా కిందికి వంచి, ఏసీ ఫ్యాన్ తక్కువలో పెట్టి గంటలకొద్దీ నడపకండి. అప్పుడు రెక్కకు ఒకవైపు చల్లగాలి, రెండోవైపు గది గాలి తగులుతాయి. రెక్క అడ్డంగా, ఫ్యాన్ ఎక్కువలో, 25 లేదా 26 డిగ్రీలు: చాలా ఇళ్లలో దీంతోనే చుక్కలు ఆగిపోతాయి.

ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి మామూలు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. దుమ్ము పడితే గాలి ఆడక కాయిల్ (గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల చుట్ట) మీద మంచు గడుతుంది. అది కరిగినప్పుడు కింద నీళ్లు పట్టే ట్రే పొంగుతుంది.

నీళ్లు రెక్క నుంచి కాక ఒక మూల నుంచో, గోడ వెంబడో కారుతుంటే అది చెమట కాదు, డ్రెయిన్ (నీళ్లు బయటికి పోయే పైపు) సమస్య. ఉక్కపోత రోజున 1.5 టన్నుల ఏసీ పైపులోంచి గంటకు లీటరు దాకా నీళ్లు రావాలి. రాకపోతే లోపల జిగట నాచు అడ్డుపడి ఉంటుంది. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే మీట) ఆపాక, పెద్దవాళ్ల చేత ట్రేలో గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోయించి చూడండి. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగినా లోపలి నీరు దిగదు. పైపు మధ్యలో ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఉండాలి.

ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మంచు గడుతుంటేనే, ఏసీలో చల్లదనం ఇచ్చే గ్యాస్‌ను అనుమానించండి. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. మెకానిక్ ఆ లీకు చూపించి, దాన్ని మూశాకే గ్యాస్ ఎక్కించనివ్వండి.

ఆశీస్సులతో,
తాతయ్య