హీట్ పంప్ థర్మోస్టాట్ అపోహలు, వాస్తవాలు: ఇల్లు వెచ్చబడితే సరిపోదు

నేను అమెరికాలో, నార్త్ కరోలినాలో హీటింగ్, ఏసీ పని చేస్తాను. క్యారీ, మోరిస్‌విల్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లకు తరచుగా వెళ్తుంటాను. ఇక్కడ చాలా ఇళ్లలో హీట్ పంపే ఉంటుంది. వేసవిలో ఇంట్లోని వేడిని బయటికి పంపే యంత్రమే చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. దానికి తోడుగా లోపలి ఎయిర్ హ్యాండ్లర్‌లో, అంటే ఇంట్లోకి గాలిని పంపే యూనిట్‌లో, కరెంటుతో వేడెక్కే కాయిల్స్ ఉంటాయి. వాటిని హీట్ స్ట్రిప్స్ అంటాం. గది వేడిని సెట్ చేసే గోడ మీది పరికరం, అంటే థర్మోస్టాట్ మీద 'ఆక్స్ హీట్' అని కనిపిస్తే అవి పనిచేస్తున్నాయని అర్థం.

బయటి యూనిట్‌లోని కంప్రెసర్ నడిచినా, స్ట్రిప్స్ నడిచినా ఇల్లు వెచ్చగానే ఉంటుంది. తేడా బిల్లులో ఉంటుంది. బయట 47 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు 3 టన్నుల హీట్ పంప్ సుమారు 3 కిలోవాట్లతో ఇచ్చే వేడిని స్ట్రిప్స్ ఇవ్వాలంటే 10 కిలోవాట్లు లాగుతాయి. అంటే గంటకి 10 యూనిట్లు. కింద రాసిన అపోహల్లో చాలావరకు మనకి తెలియకుండానే ఆ స్ట్రిప్స్‌ని ఆన్ చేయించేవే.

అపోహ: పాత థర్మోస్టాట్‌లో వైర్ల రంగులు చూసుకుని కొత్తదానికి తగిలిస్తే పనైపోయింది.

రంగుల్ని నమ్మొద్దు. ఏ వైరు ఏ అక్షరం దగ్గర ఉందో చూడండి, విప్పే ముందే ఫోటో తీసుకోండి. ఆర్ అంటే 24 వోల్టుల పవర్, సి దాని రిటర్న్, వై కంప్రెసర్‌కి, జి ఫ్యాన్‌కి, ఓ లేదా బి రివర్సింగ్ వాల్వ్‌కి (హీటింగ్, కూలింగ్ మధ్య మార్చేది), డబ్ల్యూ2 లేదా ఆక్స్ స్ట్రిప్స్‌కి. చాలా కంపెనీల యూనిట్లలో కూలింగ్ అప్పుడు వాల్వ్‌కి కరెంటు వెళ్తుంది, అది ఓ. రీమ్, రూడ్ యూనిట్లలో హీటింగ్ అప్పుడు వెళ్తుంది, అది బి. ఇది తప్పుగా సెట్ చేస్తే హీట్ పెట్టినా చల్లగాలి వస్తుంది. వెంటనే తెలిసిపోతుంది కాబట్టి దీనితో పెద్ద నష్టం లేదు.

నష్టమంతా తెలియని తప్పుతోనే. సెటప్‌లో 'మీది ఏ సిస్టమ్' అని అడిగినప్పుడు హీట్ పంప్ బదులు 'కన్వెన్షనల్' (ఫర్నేస్ లాంటి మామూలు సిస్టమ్) అని నొక్కేస్తారు. అప్పుడు వేడి కావాలన్న ప్రతిసారీ సిగ్నల్ నేరుగా స్ట్రిప్స్‌కి వెళ్తుంది, బయటి యూనిట్ అసలు కదలదు. ఇల్లు హాయిగా వెచ్చబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. జనవరి బిల్లు వచ్చాక టెన్షన్ మొదలవుతుంది. కొత్త థర్మోస్టాట్ పెట్టిన రోజే ఈ పరీక్ష చేయండి. హీట్ మోడ్‌లో గది కంటే రెండు డిగ్రీలు ఎక్కువ పెట్టండి. కంప్రెసర్ రక్షణ కోసం ఐదు నిమిషాల ఆలస్యం ఉండొచ్చు, ఆగండి. తర్వాత బయటికి వెళ్లి చూడండి. యూనిట్ ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. నల్ల ఫోమ్ చుట్టిన లావు పైపు వేడిగా ఉండాలి. చెయ్యి గట్టిగా ఆనించకండి, బాగా కాలుతుంది. లోపల వెచ్చగాలి వస్తూ బయటి యూనిట్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, పని మొత్తం స్ట్రిప్సే చేస్తున్నాయి.

అపోహ: 24 వోల్టులే కదా, బ్రేకర్ ఆపక్కర్లేదు.

షాక్ కొట్టకపోవచ్చు. కానీ ఆర్ వైరు కొస సి వైరుకి ఒక్కసారి తగిలినా ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీద ఫ్యూజ్ పోతుంది. కార్లలో వాడే రకమే, సాధారణంగా 3 లేదా 5 యాంపులు ఉంటుంది. దాంతో తెర వెలగదు, కొత్త థర్మోస్టాట్ చెడిందనుకుని షాపుకి తిరిగి తీసుకెళ్తారు. ఎయిర్ హ్యాండ్లర్ బ్రేకర్, బయటి యూనిట్ బ్రేకర్ రెండూ ఆపండి. గోడలోంచి సన్న వైర్ల బదులు లావు వైర్లు వస్తుంటే అది 120 లేదా 240 వోల్టుల లైన్. అక్కడితో ఆగిపోయి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కొత్త థర్మోస్టాట్‌కి కావాల్సిన సి వైరు లేదని దిగులు పడేముందు గోడలోపల చూడండి. వాడని వైరు ఒకటి చుట్టచుట్టి ఉండటం మామూలే. దాన్ని రెండు చివర్లా, అంటే ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు దగ్గర కూడా సి కి కలపాలి. వైర్లు వచ్చే రంధ్రాన్ని పుట్టీతో మూసేయండి. లేకపోతే గోడ సందులోంచి వచ్చే చల్లగాలిని గది చలి అనుకుని థర్మోస్టాట్ ఊరికే హీట్ ఆన్ చేస్తుంది.

అపోహ: 80కి పెంచితే త్వరగా వెచ్చబడుతుంది.

గ్యాస్‌తో వేడిచేసే ఫర్నేస్ సింగిల్ స్టేజ్ (ఒకే స్థాయిలో నడిచేది) అయితే వేగం ఏమీ మారదు. హీట్ పంప్‌లో నిజంగానే త్వరగా వెచ్చబడుతుంది, ఎందుకంటే తేడా ఎక్కువ కనబడగానే థర్మోస్టాట్ స్ట్రిప్స్‌ని కూడా లేపుతుంది. ఆ తొందరకి మూడింతల కరెంటు కడుతున్నాం. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు చలికి తట్టుకోలేక పెంచుతూ ఉంటారు, వాళ్లని అనడానికి లేదు. వాళ్లకి నప్పే డిగ్రీ, 72 అయినా 74 అయినా, ఒకటి చూసి అక్కడే వదిలేయండి. మాటిమాటికీ మార్చడం కంటే అదే మేలు.

రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే పెంచేవాళ్ల సంగతీ ఇదే. 62 నుంచి 70కి ఎక్కాల్సింది తెల్లవారుజామున, బయట చలి ఎక్కువగా ఉండే వేళ. రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తే చాలు. ఇన్‌స్టాలర్ సెట్టింగుల్లో 'ఆక్స్ లాకవుట్' ఉందేమో చూడండి. దాన్ని 35 నుంచి 40 డిగ్రీల మధ్య పెడితే, బయట అంతకంటే వెచ్చగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ స్ట్రిప్స్‌ని పిలవదు. మా ప్రాంతంలో చలికాలంలో చాలా గంటలు అలాంటివే. నన్నడిగితే స్మార్ట్ థర్మోస్టాట్ కొనడానికి అసలు కారణం ఈ ఒక్క సెట్టింగే.

అపోహ: చలి బాగా పెరిగితే 'ఎమర్జెన్సీ హీట్' పెట్టాలి.

వద్దు. అది నొక్కితే కంప్రెసర్ పూర్తిగా ఆగిపోయి స్ట్రిప్స్ మాత్రమే నడుస్తాయి. బయటి యూనిట్ చెడిపోయి, మెకానిక్ వచ్చేదాకా ఇల్లు గడవాలంటే వాడుకోండి. 32 డిగ్రీల కిందకి దిగినా హీట్ పంప్ వేడి తెస్తూనే ఉంటుంది, కాస్త తక్కువగా. చాలకపోతే స్ట్రిప్స్ వాటంతటవే కలుస్తాయి.

అపోహ: గాలి గోరువెచ్చగానే వస్తోంది, బయటి యూనిట్‌లోంచి పొగ వస్తోంది, అంటే చెడిపోయింది.

గ్రిల్ దగ్గర గాలి 90 డిగ్రీల దగ్గర్లో ఉండటం సహజం. ఒంటి వేడి కంటే తక్కువ కాబట్టి చేతికి చల్లగా అనిపిస్తుంది. గది వేడి నిలబడుతోందా లేదా అన్నదే చూడాలి. ఆ పొగ కూడా ఆవిరే. కాయిల్ మీద పేరుకున్న మంచుని కరిగించడానికి యూనిట్ కొద్ది నిమిషాలు డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. అప్పుడు బయటి ఫ్యాన్ ఆగుతుంది, బుస్సుమని శబ్దం వస్తుంది, ఆక్స్ కూడా కనిపిస్తుంది. మంచు కరగకుండా యూనిట్ మొత్తం గడ్డకట్టి గంటల తరబడి అలాగే ఉంటే మాత్రం ఫోన్ చేయండి.

వేసవికి ఒక్క మాట: ఫ్యాన్‌ని 'ఆన్'లో కాకుండా 'ఆటో'లో ఉంచండి. ఆన్‌లో ఉంటే కంప్రెసర్ ఆగాక కూడా గాలి తడి కాయిల్ మీదుగా వీచి, తీసేసిన తేమని మళ్లీ ఇంట్లోకే తెస్తుంది.