విదేశీ ఎంబీఏ సీటు ర్యాంకుతో వచ్చేది కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో పదమూడేళ్లుగా విదేశీ ఎంబీఏ దరఖాస్తులకు సలహాలిస్తున్నాను. పిల్లలతో పాటు వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: “అబ్బాయికి ఈ స్కోరుకి ఏ కాలేజీ వస్తుందండీ?” ఎంసెట్ ర్యాంకు, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు అనే క్రమానికి అలవాటుపడిన ఇళ్లలో ఆ ప్రశ్న సహజమే. అయితే విదేశీ బిజినెస్ స్కూళ్లలో సీట్లు ఆ క్రమంలో నిండవు. ఆ తేడా తెలియక డబ్బునూ, ఒక్కోసారి రెండు మూడేళ్ల కాలాన్నీ పోగొట్టుకున్నవారిని చూశాను కనుకనే ఇది రాస్తున్నాను.

అపోహ: జీమ్యాట్ (బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) స్కోరు ఎంత ఎక్కువైతే అంత పెద్ద స్కూల్లో సీటు వస్తుంది.

ముందుగా స్కోరు గురించే ఒక మాట. పాత జీమ్యాట్ 2024 జనవరితో ముగిసింది. ఇప్పటి పరీక్ష 2 గంటల 15 నిమిషాలు, 64 ప్రశ్నలు. స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది. పాత పరీక్షలో 700కు ఉన్న విలువ ఇప్పుడు సుమారుగా 645కు ఉంది. అన్నయ్యకు 700 వచ్చిందని, తనకు 645 మాత్రమే వచ్చిందని కుంగిపోయి మళ్లీ ఫీజు కట్టిన పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉన్నారు.

క్లాసులోని లెక్కల భారాన్ని, చదువు వేగాన్ని మీరు తట్టుకోగలరా అన్నది తేల్చుకోవడానికి స్కూళ్లు స్కోరు చూస్తాయి. ఆ తరువాత చూసేది మీరు చేసిన పని, అందులో మీరు తీసుకున్న నిర్ణయాలు, ఇక ముందు ఏం చేయదలచుకున్నారన్నది. పోర్టులో బొగ్గు దిగుమతి విభాగంలో పనిచేసే ఒక యువకుడు తెచ్చిన దరఖాస్తు వ్యాసం “చిన్ననాటి నుంచీ నాకు నాయకత్వం అంటే ఇష్టం” అని మొదలైంది. దాన్ని పక్కన పెట్టించి, కిందటి వర్షాకాలంలో ఏం జరిగిందో చెప్పమన్నాను. తడిసిన బొగ్గు చ్యూట్‌లో (బొగ్గు జారే తొట్టిలో) పేరుకుని కన్వేయర్ తరచూ ఆగిపోయేదట. ఏ షిఫ్టువారు శుభ్రం చేయాలన్నది రోజూ తగాదాయేనట. లాగ్ బుక్ ఇంగ్లీషులో ఉండడం వల్ల మేస్త్రీ దాన్ని చదవలేకపోతున్నాడని గమనించి, షిఫ్టు మారే చోట తెలుగులో ఒక నోటుబుక్కు పెట్టించాడు. నెల తిరిగేసరికి తగాదా తగ్గింది. “ఇది కూడా రాయవచ్చా సార్?” అని అడిగాడు. నిజానికి రాయవలసింది అదే.

అపోహ: సిఫారసు లేఖ ఎంత పెద్ద హోదా ఉన్నవారిదైతే అంత మంచిది.

మీ పనిని రోజూ చూసిన పైఅధికారి రాసిన పేజీకి ఉన్న బరువు, నాన్నగారి స్నేహితుడైన జనరల్ మేనేజర్ సంతకానికి ఉండదు. లేఖ రాసేవారిని అభ్యర్థి ఎక్కడ తడబడ్డాడని, దిద్దమన్నప్పుడు ఎలా స్పందించాడని కూడా చాలా స్కూళ్లు అడుగుతాయి. మీతో కలిసి పనిచేయనివారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేరు. లేఖను మీరే రాసి సంతకం పెట్టించుకోవడం తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. సీటు ఇచ్చిన తరువాత ఉద్యోగాలు, జీతాలు, లేఖలు నిజమేనా అని బయటి సంస్థలతో తనిఖీ చేయించే స్కూళ్లు ఉన్నాయి.

అపోహ: మూడేళ్ల డిగ్రీ చదివినవారికి, ఉద్యోగానుభవం లేనివారికి తలుపులు మూసుకున్నట్టే.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్, ఇన్సియాడ్ వంటివి మూడేళ్ల బీకాం, బీఎస్సీ డిగ్రీలను అంగీకరిస్తాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు అంగీకరించవు కనుక ఒక్కొక్క దాని నియమం విడిగా చూసుకోవాలి. అప్పుడే డిగ్రీ ముగించినవారికి ఎంబీఏ కాక మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ సరైన దారి. అనుభవం లేనివారికి ఎంబీఏ అని పేరు పెట్టి సీటు అమ్మేవారిని నేను నమ్మను. చాలా దేశాల విశ్వవిద్యాలయాలు విద్యార్థిని చేర్చిన ఏజెంటుకు కమిషన్ చెల్లిస్తాయి కనుక, “ఈ సీటుకు మీకెంత వస్తుంది?” అని సలహాదారును అడగడానికి మొహమాటపడకండి. నన్ను కూడా అడగండి.

అపోహ: రెండింటిలో పై ర్యాంకున్న స్కూలే ఎంచుకోవాలి.

ర్యాంకు దేన్ని కొలుస్తోందో చూడకుండా ఎంచుకోవడం మంచిది కాదు. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ర్యాంకుల పట్టికలో ప్రధానమైన జీతాల లెక్క చదువు ముగించి మూడేళ్లయినవారిది. పైగా ఆయా దేశాల కొనుగోలు శక్తిని బట్టి దాన్ని సరిచేస్తారు. అందువల్ల భారతదేశంలో పనిచేసేవారి జీతం డాలర్లలో చూసినప్పుడు చేతికి వచ్చేదానికన్నా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. దానికి బదులు స్కూలు ప్రచురించే ఉద్యోగ నివేదికను చివరి పేజీ దాకా చదవండి. చదువు ముగిసిన మూడు నెలలకు ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఆ దేశ పౌరులు కానివారిలో ఎంతమందికి వచ్చాయి, జీతం చెప్పనివారు ఎంతమంది అన్నవి అక్కడే ఉంటాయి. మధ్యస్థ జీతం లెక్కలోకి వచ్చేది జీతం చెప్పినవారే.

అపోహ: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కింద లెక్కించే) ఎంబీఏ అంటే అమెరికాలో మూడేళ్ల ఉద్యోగం ఖాయం.

చదువు తరువాత విదేశీ విద్యార్థులను అక్కడ పనిచేయనిచ్చే మామూలు ఓపీటీ గడువు 12 నెలలు, స్టెమ్ పొడిగింపు మరో 24 నెలలు. అది పనిచేయడానికి అనుమతి మాత్రమే. ఉద్యోగం వెతుక్కోవలసింది మీరే. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఆపైన అక్కడే ఉద్యోగంలో కొనసాగడానికి కావలసిన హెచ్-1బీ వీసాకు ఏటా ఉన్న పరిమితి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000. ఇలాంటి నియమాలు ఇతర దేశాల్లో కూడా నిలకడగా లేవు. బ్రిటన్‌లో చదువు తరువాత ఉండనిచ్చే రెండేళ్ల గడువు 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలవుతుంది.

అపోహ: అప్పు గురించి ఆలోచించనక్కర్లేదు, అక్కడి జీతంతో తీరిపోతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించేది ఇక్కడే. అమెరికాలోని పెద్ద స్కూళ్లలో ట్యూషన్, బస కలిపి రెండేళ్లకు 2 లక్షల డాలర్లు దాటుతుంది. వడ్డీ 10.5 శాతం, తీర్చే గడువు పదేళ్లు అనుకుంటే, చదువు కాలపు వడ్డీ కలపకుండానే కోటి రూపాయల అప్పుకు నెలసరి వాయిదా సుమారు 1,35,000 రూపాయలు. 45 లక్షలకైతే సుమారు 61,000. విద్యా రుణంపై వడ్డీకి ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు ఉన్నా, అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. స్కాలర్‌షిప్ కూడా మొదటి లేఖలో రాసిన అంకె దగ్గరే ఆగనక్కర్లేదు. మరో స్కూలు ఇచ్చిన మొత్తాన్ని చూపి, మర్యాదగా పునఃపరిశీలన కోరితే పెంచిన స్కూళ్లు ఉన్నాయి. హార్వర్డ్ మాత్రం కుటుంబ ఆర్థిక స్థితిని బట్టే సహాయం చేస్తుంది.

కిందటేడు మార్చిలో ఉక్కు కర్మాగారం నుంచి రిటైరైన ఒకాయన, ఆయన కుమార్తె నా ఎదుట కూర్చున్నారు. అమెరికాలో రెండేళ్ల కోర్సు, స్కాలర్‌షిప్ లేదు. ఐరోపాలో ఏడాది కోర్సు, సగం ఫీజు మాఫీ. మొదటిదానికి ర్యాంకు ఎక్కువ, దానికోసం మధురవాడ ఫ్లాటును బ్యాంకులో పెట్టడానికి ఆయన సిద్ధమై, దస్తావేజులు కూడా సంచీలో తెచ్చారు. నేను కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒక్కొక్కదాని కింద నెలసరి వాయిదా రాశాను. ఆ అమ్మాయి పెన్ను అందుకుని, మూడో గడిలో, ఉద్యోగం అక్కడ దొరకక ఇంటికి తిరిగివస్తే తనకు రాగల జీతం రాసింది. ఆయన ఆ మూడో గడినే చాలాసేపు చూసి, దస్తావేజుల కవరును తిరిగి సంచీలో పెట్టుకున్నారు. ఐరోపా స్కూలుకు డిపాజిట్ కట్టే గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.