లేహ్‌లో నేల కింద పాలకూర

2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు నేలకొరిగాక లద్దాఖ్ మాట మన ఇళ్లలో రోజూ వినబడింది. ఆ ఏడే మరో చిన్న వార్త వచ్చింది: గస్తీకి రెండు మూపురాల ఒంటెలను సిద్ధం చేస్తున్నారని. ఆ పని చూసింది డిహార్, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు లద్దాఖ్‌లోని లేహ్ పట్టణంలో ఉన్న ప్రయోగశాల. క్షిపణులు చేసే సంస్థకు ఒంటెలతో పనేమిటని చాలామంది నవ్వుకున్నారు.

అసలు సంగతి 1962 నాటిది. చైనాతో యుద్ధం వచ్చిన ఆ ఏడాదే అక్కడ చిన్న క్షేత్ర పరిశోధనశాల పెట్టారు. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. ఏడాదంతా కలిపినా 100 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. చలికాలం వస్తే కనుమల్లో మంచు పేరుకుని దారులు మూసుకుపోతాయి. జవానుకు పచ్చికూర తినిపించాలంటే విమానంలో తేవాలి, లేదా అక్కడే పండించాలి.

పండించే దారుల్లో నాకు బాగా నచ్చింది గొయ్యి. ఖరీదైన గాజుగది కాదు. మూడడుగుల లోతున కందకం తవ్వి, పైన ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. పగటి ఎండకు లోపల వెచ్చబడుతుంది, రాత్రి చుట్టూ ఉన్న మట్టి ఆ వేడిని పట్టి ఉంచుతుంది. చీకటి పడగానే పైన ఇంకో కప్పు వేయడం మరిచిపోకూడదు, అంతే. బయట నీళ్లు గడ్డకట్టి ఉంటే లోపల పాలకూర ఆకు తొడుగుతుంది.

కోళ్లు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్నదాంట్లో మూడింట రెండొంతులే. గుడ్డులోని పిల్లకు ప్రాణవాయువు చాలదు, పొదిగినవాటిలో చాలా గుడ్లు పిల్లలు కావు. త్వరగా బరువెక్కే బ్రాయిలర్‌కైతే గుండె మీద భారం పడి కడుపులో నీరు చేరుతుంది. కింద బాగా పెరిగిన జాతి పైన నిలవదన్నమాట. అందుకే స్థానిక పశువులకు విలువ: జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన జో, జన్‌స్కార్ గుర్రం, నుబ్రా లోయ ఒంటె. ఈ ఒంటెలు ఒకప్పుడు ఇప్పటి చైనాలో ఉన్న యార్కండ్ నుంచి వర్తకుల బిడారుల వెంట వచ్చినవి. 1950 ప్రాంతంలో సరిహద్దు మూతపడి వర్తకం ఆగిపోయాక ఇక్కడే మిగిలిపోయాయి. ఒక్కొక్కటి సుమారు 170 కిలోలు మోస్తుంది.

పత్రికలకెక్కింది ఒంటే. కానీ గొయ్యి మాత్రం సైన్యం దగ్గరే ఆగలేదు. నారు, విత్తనం, శిక్షణ ఊళ్లకు చేరాక లద్దాఖీ రైతులే సహకార సంఘాలు కట్టి సైన్యానికి కూరగాయలు అమ్ముతున్నారు.