తాళం గుర్తు ఉంటే సైటు మంచిదేనా? క్రిప్టోగ్రఫీలో అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పగలు చిన్న ఆఫీసుల సర్వర్లు చూసుకుంటాను, సాయంత్రం ఇంజనీరింగ్ పిల్లలకు క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారాన్ని పరాయివాళ్లకు చిక్కకుండా దాచే విద్య, చెబుతాను. రెండు చోట్లా వినీ వినీ విసుగొచ్చిన మాట ఒకటుంది. దాని గురించే ఈ పోస్టు. మిగతావి చివర్లో గబగబా తేల్చేస్తాను.

అపోహ: అడ్రస్ బార్‌లో తాళం ఉంటే సైటు నమ్మదగిందే.

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్న మా బాబాయి, ఏరేటర్లు సగం ధరకే వస్తున్నాయని కిందటేడు ఒక సైటులో కార్డుతో డబ్బు కట్టాడు. సరుకు రాలేదు, ఫోన్ ఎత్తేవాడు లేడు. పది రోజులు పిన్నికి కూడా చెప్పలేదు. నా దగ్గరికొచ్చి అన్న మొదటి మాట, "తాళం ఉండాది అబ్బయా, చూసే కట్టినా." ఆ తాళం చూడమని నోట్ల రద్దు రోజుల్లో ఆయనకు నేర్పింది నేనే.

వాస్తవం: మీ ఫోనుకూ ఆ సర్వరుకూ మధ్య నడిచేది మూడోవాడు చదవకుండా, మార్చకుండా చూడటం టీఎల్‌ఎస్ పని, అంటే ఆ తాళం వెనక నడిచే రహస్య సంభాషణ పద్ధతి పని. బార్‌లో కనిపించే పేరు ఆ సర్వరుదే అని చెప్పడం సర్టిఫికెట్ పని. ఆ పేరు వెనకున్న మనిషి మంచివాడా కాదా అన్నది రెండింటికీ పట్టదు. బాబాయి కార్డు నంబరును దారిలో ఎవరూ కాజేయలేదు. నేరుగా దొంగకే భద్రంగా చేరింది.

మాటలతో ఆయనకు ఎక్కలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక డొమైన్ కొన్నాను, సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థను ఒకటి అడిగాను. 2015 చివరి నుంచి అక్కడ అందరికీ ఉచితమే. ఆధార్ అడగలేదు, షాపు లైసెన్సు అడగలేదు. సైటులో ఒక చిన్న ఫైలు పెట్టమంది, పెట్టాను, చూసుకుని ఇచ్చేసింది. టీ చల్లారకముందే తాళం పడింది. బాబాయి ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని "ఇంతేనా?" అన్నాడు. జనం ఇలాగే పొరబడుతున్నారని 2023లో క్రోమ్ ఆ బొమ్మే తీసేసి వేరే గుర్తు పెట్టింది.

చూడాల్సింది పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ అడ్రసుకు చివర ఉంటుంది. డాట్ కామ్, డాట్ ఇన్ దాటాక వచ్చే ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, వెనక్కి చదవండి. మొదట్లో మీ బ్యాంకు పేరు ఎంత పెద్దగా ఉన్నా లెక్కలోకి రాదు. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కు మారాలని ఆర్‌బీఐ చెప్పింది, ఆ పేరు బ్యాంకులకు తప్ప ఇవ్వరు. షాపులకు అలాంటి ఏర్పాటు లేదు, అందుకే తెలియని చోట ముందే కట్టకండి.

మోసపోతే సిగ్గుపడకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. బాబాయిని ముంచింది ఆ పది రోజులే.

ఇక పిల్లల సంగతి. సమాచారాన్ని మామూలు అక్షరాలు, అంకెల్లోకి మార్చి రాసే బేస్64 ఎన్‌క్రిప్షన్ (తాళం వేసి దాచడం) కాదు, అందులో అసలు కీయే, అంటే విప్పే రహస్య తాళంచెవే లేదు. "నేను కనిపెట్టిన పద్ధతి ఎవరికీ తెలియదు సార్, అందుకే భద్రం" అంటారు. రహస్యం కీలో ఉండాలి గానీ పద్ధతిలో కాదని కెర్కాఫ్స్ అనే భాషా పండితుడు 1883లోనే చెప్పాడు. ఇప్పుడు అంతటా వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి 2001 నుంచి అందరి కళ్లముందే ఉంది. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడదీయడం కష్టమన్న దాని మీద నిలబడ్డ ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్ వాళ్లు ఛేదించారనేది వట్టి పుకారు. వాళ్లు కనిపెట్టింది ప్రధాన సంఖ్యను గుర్తుపట్టే పద్ధతి. సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చడం వేరు, దాన్ని కారణాంకాలుగా విడదీయడం వేరు. క్వాంటం కంప్యూటర్లు వచ్చి ఇలాంటి తాళాలు విప్పేస్తాయన్న టెన్షన్ కూడా ఇప్పుడే వద్దు, వాటిని తట్టుకునే ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులోనే విడుదల చేసింది.

క్రిప్టోగ్రఫీకి కావాల్సిన లెక్కలు రావని భయపడేవాళ్లను మాత్రం నేను విసుక్కోను. రాత్రి పదింటికి నెల్లూరులో బస్సెక్కితే, ఎనిమిది గంటల ప్రయాణం, హైదరాబాద్‌లో ఎన్నింటికి దిగుతారని అడుగుతాను. ఆరింటికి అంటారు. పద్దెనిమిదింటికి అనరు. 12తో భాగించి శేషం చెప్పేశారు, మాకు కావాల్సిన మాడ్యులో 12 లెక్క చేసేశారన్నమాట.