డ్రాగ్ ఫార్ములాలో ఆ సీడీ ఎక్కడ్నుంచి వచ్చింది?

బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాళ్లకి డ్రాగ్ ఫార్ములా, అంటే కదిలే వస్తువుని గాలో నీళ్లో ఎంత బలంతో ఆపుతాయో చెప్పేది, నోటికొచ్చే ఉంటుంది. డెన్సిటీ ఇంటూ స్పీడ్ స్క్వేర్ ఇంటూ ఏరియా, దాంట్లో సగం తీసుకుని సీడీతో, అంటే డ్రాగ్ కోఎఫిషియెంట్ (Cd) అనే నంబరుతో, గుణించెయ్యడమే. గోళానికి సీడీ 0.47 అని టేబుల్లో ఉంటుంది, వేసేస్తాం, ఆన్సర్ వచ్చేస్తుంది. కానీ ఆ 0.47 కొలిచి రాసుకున్న నంబరు, అదీ కొంత స్పీడు రేంజ్‌లోనే పనికొస్తుంది. ఇంత గణితం ఉండి కూడా చివర్లో కొలత మీద ఆధారపడాల్సి రావడం వెనక చాలా పెద్ద కథే ఉంది.

మొదలుపెట్టింది న్యూటన్. 1687లో వచ్చిన ప్రిన్సిపియా రెండో భాగంలో చాలావరకు ఈ విషయమే. గాలైనా నీళ్లయినా చిన్న చిన్న కణాల గుంపు, అవి వచ్చి వస్తువుకి గుద్దుకుంటాయి అనుకుని లెక్క కడితే డ్రాగ్ అనేది డెన్సిటీకీ, ఏరియాకీ, స్పీడ్ స్క్వేర్‌కీ తగ్గట్టు పెరుగుతుందని తేలింది. కాగితం మీదే ఆగిపోలేదు, 1710లో లండన్ సెయింట్ పాల్స్ చర్చి డోమ్ దగ్గర 220 అడుగుల ఎత్తు నుంచి గాజు బంతులు కిందకి పడేయించారు, కొన్నిట్లో పాదరసం, కొన్నిట్లో ఉత్త గాలి. గాలి అడ్డం లేకపోతే రెండూ 3.7 సెకన్లలో పడాలి, పాదరసం బంతులు సుమారు 4 సెకన్లకి పడ్డాయి, గాలి బంతులకి మాత్రం 8 సెకన్ల పైనే పట్టింది. ఆ స్పీడ్ స్క్వేర్ ఇప్పటికీ మన ఫార్ములాలో ఉంది. ఆయన లెక్కలో లేనిదల్లా వస్తువు వెనక వైపు ఏం జరుగుతుందన్నది.

ఆ వెనక వైపుని కూడా లెక్కలోకి తెచ్చినవాడు ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త డాలంబేర్. కణాలు గుద్దుకోవడం కాదు, ద్రవం వస్తువు చుట్టూ తిరిగి వెళ్లి వెనకాల మళ్లీ కలుస్తుంది అని, రాపిడి లేదనుకుని లెక్క కడితే ముందు నుంచి తోసే ప్రెషర్, వెనక నుంచి తోసే ప్రెషర్ సరిగ్గా సరిపోయి మొత్తం డ్రాగ్ సున్నా వచ్చింది! 1752లో ఆయన వేసిన పుస్తకంలోనే ఈ చిక్కు బయటపడింది. గణితంలో తప్పు లేదు, కానీ తెడ్డు వెయ్యడం ఆపితే పడవని నీళ్లు ఆపేస్తాయని అందరికీ తెలుసు. అదే డాలంబేర్ 1775లో బొస్సూ, కాండొర్సేలతో కలిసి పారిస్‌లో ఒక కొలనులో పడవ మోడళ్లని లాగించి డ్రాగ్ ఎంతో కొలిచే పనిలో పాల్గొన్నాడు. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది, తన లెక్క సున్నా అంటున్నా నీళ్లు ఏమంటున్నాయో చూద్దామని వెళ్లడం.

వదిలేసిన ఆ రాపిడిని, అంటే విస్కాసిటీని, కలిపి గోళం మీద డ్రాగ్‌ని మొదటిసారి పూర్తిగా తేల్చింది స్టోక్స్, 1851లో. ఆయన అసలు సమస్య పెండ్యులం ఊగేటప్పుడు గాలి దాన్ని ఎంత ఆపుతుందని. ఆరు ఇంటూ పై ఇంటూ విస్కాసిటీ ఇంటూ రేడియస్ ఇంటూ స్పీడ్, అంతే, ఇందులో స్క్వేర్ లేదు, డెన్సిటీ కూడా లేదు. మబ్బులోని సన్నటి నీటి బిందువులు అంత మెల్లగా ఎందుకు దిగుతాయో ఆయనే దీంతో వివరించాడు. అయితే ఇది చాలా చిన్నవాటికి, చాలా నెమ్మదిగా కదిలేవాటికే. ఎప్పుడు స్టోక్స్ లెక్క, ఎప్పుడు స్క్వేర్ లెక్క అని చెప్పే కొలమానం 1883లో మాంచెస్టర్‌లో రేనాల్డ్స్ గాజు గొట్టాల్లో రంగు నీళ్లు వదిలి చేసిన ప్రయోగాలతో వచ్చింది, అదే రేనాల్డ్స్ నంబర్, డెన్సిటీ, స్పీడు, సైజు గుణించి విస్కాసిటీతో భాగిస్తే వచ్చేది. అది ఒకటి కంటే తక్కువుంటే స్టోక్స్ దారి.

డాలంబేర్ సున్నాకి అసలు జవాబు 1904లో వచ్చింది. హైడెల్‌బర్గ్‌లో గణిత సభలో ప్రాంటల్ అనే 29 ఏళ్ల ప్రొఫెసర్, దొరికిన పది నిమిషాల్లో, విస్కాసిటీ ఎంత తక్కువైనా ఉపరితలాన్ని అంటుకుని ఒక పల్చటి పొర ఉంటుందని, రాపిడి పనంతా అక్కడే జరుగుతుందని, ఆ బౌండరీ లేయర్ వెనక వైపు ఊడిపోయి సుడులు తిరిగితే అక్కడ ప్రెషర్ పడిపోతుందని చెప్పాడు. ముందు తోపు ఉంది, వెనక తోపు లేదు. మిగిలిందే డ్రాగ్.

అంతా తేలిపోయినట్టే ఉంది కదా, 1912లో మళ్లీ గొడవ. ఈఫిల్ టవర్ కట్టిన గుస్తావ్ ఈఫిల్ అప్పటికి 80కి దగ్గరపడ్డాడు, పారిస్‌లో సొంత విండ్ టన్నెల్, అంటే వస్తువుని నిలిపి దాని మీదకి గాలి వదిలి కొలిచే సొరంగం, పెట్టుకుని గోళాల డ్రాగ్ కొలిస్తే జర్మనీలో ప్రాంటల్ ఉండే గొట్టింగెన్ వాళ్ల నంబర్‌లో సగం కూడా రాలేదు. ఈయన లెక్కలోనే తప్పుందని అటువైపు వాళ్లు అనుమానించారు. ఈఫిల్ స్పీడులు మార్చి మార్చి కొలిచి చూపించాడు, ఒక స్పీడు దాటాక సీడీ ఒక్కసారిగా పడిపోతోంది, అంటే ఇద్దరి కొలతా కరెక్టే. కారణం 1914లో ప్రాంటల్ తేల్చాడు. గోళం ముందు భాగంలో సన్నటి తీగని రింగులా చుట్టి అంటించాడు, దాంతో బౌండరీ లేయర్ టర్బులెంట్, అంటే చిన్న చిన్న సుడులతో గజిబిజిగా, అయిపోయి గోళాన్ని ఇంకొంచెం వెనక దాకా పట్టుకుని ఉంది, డ్రాగ్ తగ్గింది. నున్నటి బంతికి అడ్డంగా తీగ పెడితే డ్రాగ్ తగ్గడం ఏంటని ఎవరికైనా అనిపిస్తుంది, గోల్ఫ్ బంతికి గుంటలు ఉండేది కూడా ఇందుకే.

క్రికెట్ బంతి సైజు గోళంతోనే లెక్క వేసి చూడండి. వ్యాసం 7.2 సెంటీమీటర్లు, స్పీడు గంటకి 144 కిలోమీటర్లు, అంటే సెకనుకి 40 మీటర్లు. సీడీ 0.5 అయితే డ్రాగ్ 1.95 న్యూటన్లు, బంతి బరువు 1.57 న్యూటన్లే! అదే సీడీ 0.2 అయితే 0.78. ఇక్కడ రేనాల్డ్స్ నంబర్ సుమారు 1.9 లక్షలు, నున్నటి గోళానికి సీడీ పడిపోయేది 2, 3 లక్షల దగ్గర, గరుకుగా ఉంటే ఇంకా ముందే. కాబట్టి రేనాల్డ్స్ నంబర్ చూడకుండా 0.47 వేసేస్తే ఆన్సర్ రెండింతలు తప్పు కావచ్చు.

మన శ్రీహరికోట కేంద్రానికి పేరున్న సతీష్ ధావన్ కూడా ఈ కథలోని మనిషే. 1951లో కాల్‌టెక్‌లో ఆయన పీహెచ్‌డీ గాలి ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేటప్పుడు పుట్టే రాపిడిని నేరుగా కొలవడం మీదే. పలక ఉపరితలంలో ఒక చిన్న ముక్కని విడిగా కదిలేలా అమర్చి, గాలి దాన్ని ఎంత లాగుతుందో చూశాడు. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి, విస్కాసిటీతో సహా గాలి, నీళ్ల కదలికని చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలూ ఉన్నాయి, అయినా రోడ్డు మీద వెళ్లే కారు చుట్టూ ఉండే ప్రతి సుడినీ లెక్కకట్టడం రోజువారీ డిజైన్ పనిలో అయ్యేది కాదు, టర్బులెన్స్‌కి ఉజ్జాయింపు మోడల్సే వాడతారు. అందుకే కార్ల కంపెనీలు ఈరోజుకీ విండ్ టన్నెల్స్ నడుపుతూనే ఉన్నాయి.